అరిసెలు నూనెలో విచ్చిపోతున్నాయి: పాకం తేడానా, పిండి తేడానా?

కంకిపాడు_కోడలు
కిలో బియ్యం, ముప్పావు కిలో బెల్లం. బియ్యం రాత్రంతా నానాయి, మర పట్టించి జల్లించిన తడి పిండే. ఉండ పాకం వచ్చాకే దించి పిండి కలిపాను. చలిమిడి చేతికి అంటుకోవడం లేదు, చూడ్డానికి బాగానే ఉంది. అరిసె వత్తి నూనెలో వేయగానే నురుగొచ్చి, అంచులు చిల్లులు పడి, తిప్పేలోపు విచ్చిపోతోంది. అడుగున నల్లగా మడ్డి చేరుతోంది. మూడొంతుల చలిమిడి ఇంకా అలాగే ఉంది. తప్పు ఎక్కడో చెప్పండి, ఉన్నదాన్ని బాగుచేసే దారి ఉంటే అదీ చెప్పండి.

గోదారిగట్టు
పాకం లేత. నురుగొచ్చిందన్నారంటే ఇంకేమీ వెతకనక్కర్లేదు.

ఉండ పాకం అని అందరూ అంటారు గానీ ఏ ఉండో చెప్పరు. పళ్ళెంలో చల్లటి నీళ్లు పోసి చుక్క పాకం వేయండి. కరిగిపోతే ఇంకా టైముంది. కరక్కుండా అడుగున ఉండి, వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తగా ఉండ అయ్యి, బయటికి తీయగానే చదునుగా జారిపోతే అది లేత ఉండ పాకం. తీసి పళ్ళెం అంచు మీద పెట్టినా జారకుండా నిలబడి, వేలితో నొక్కితే మాత్రం నొక్కుకోవాలి. అరిసెకి కావలసింది అదీ. పళ్ళేనికేసి కొడితే టంగుమని మోగిందంటే ముదిరిపోయింది, చిక్కీ దారి పట్టింది.

ఇంకో మాట. పాకం చూసే ప్రతిసారీ స్టవ్ ఆపండి, కనీసం బాగా తగ్గించండి. తీగ పాకం నుంచి ఉండ పాకానికి రెండు మూడు నిమిషాలే. మీరు నీళ్లలో ఉండ చేసుకుంటున్నంత సేపూ గిన్నెలో పాకం ముదురుతూనే ఉంటుంది.

ఓరుగల్లు_పొయ్యి
అందరు పాకాన్నే అంటరు. పిండి సంగతి ఎవ్వరు అడగరు. కోడలు గారూ, బియ్యం మొత్తం ఎన్ని గంటలు నానినయి? రాత్రి పదింటికి పోసి పొద్దున ఆరింటికి తీస్తే ఎనిమిది గంటలే. అరిసెలకు అది సాలదు. కనీసం పూర్తిగ ఒక రోజు నానవెట్టాలె, నడుమ రెండు మూడుసార్లు నీళ్లు మార్చాలె, లేకుంటే వాసనొస్తది. సరిగ్గ నానని బియ్యం మరల నూకలెక్క పడ్తది. ఆ నూక పాకాన్ని పట్టదు.

కంకిపాడు_కోడలు
@ఓరుగల్లు_పొయ్యి పది గంటలు నానాయండి. జల్లిస్తే నూక గ్లాసున్నర దాకా మిగిలింది, దాన్ని పక్కన పెట్టాను.

తూకం_రాయి
దొరికింది. గ్లాసున్నర నూక పక్కకి పోయింది, బెల్లం మాత్రం ముప్పావు కిలో అలాగే పడింది. పిండికి మించి బెల్లం పడితే పాకం ఎంత బాగా వచ్చినా అరిసె విచ్చుతుంది. నూనెలో నురుగెత్తేది పిండి పట్టుకోలేని ఆ బెల్లమే.

అందుకే బియ్యం తూకం మీద కాదు, జల్లించిన తడి పిండి తూకం మీద బెల్లం వేసుకోవాలి. కిలో బియ్యం నానితే నీళ్లు పీల్చుకుని పిండి దాదాపు కిలోంపావు అవుతుంది. ముప్పావు కిలో బెల్లం అన్న పాత లెక్క ఆ మొత్తం పిండికి. అంటే కిలో తడి పిండికి 550 నుంచి 600 గ్రాముల బెల్లం. తీపి ఇష్టమని 650 దాటించొద్దు.

గోదారిగట్టు
@తూకం_రాయి లెక్క ఒప్పుకుంటా. కానీ పిండిని ఎవరూ మొత్తం ఒకేసారి పోయరు కదా. పాకంలో కొంచెం కొంచెంగా పోస్తూ, తెడ్డు ఎత్తితే ముద్దగా బరువుగా జారే దాకా కలిపి ఆపేస్తాం. పిండి చాలకపోతే చలిమిడి పలచగా ఉండి అక్కడే తెలిసిపోతుంది. ఈవిడ చలిమిడి చేతికి అంటుకోవట్లేదంటున్నారు.

తూకం_రాయి
చల్లారాక బెల్లం బిగుసుకుంటుందండీ. వేడి మీద జారుగా ఉన్న చలిమిడే గంట తర్వాత గట్టిగా, బాగున్నట్టు కనిపిస్తుంది. మళ్లీ నూనె వేడి తగలగానే ఆ బెల్లం కరుగుతుంది. చేతికి అంటుకోకపోవడం మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఎప్పుడైనా సరే ముందు ఒక్క అరిసె వేసి చూడాలి, తర్వాతే వాయి.

అడుగంటు_పాత్ర
కాస్త వంటసోడా వేయండి, పొంగి బాగా వస్తాయి.

గోదారిగట్టు
సోడా వద్దు, దయచేసి. అసలే విచ్చుతున్న చలిమిడి ఇంకా గుల్లయి ముక్కలవుతుంది, నూనె కూడా తాగేస్తుంది. అరిసె పొంగేది పిండిలో తడి ఆవిరై. దానికి ఇంకో సాయం అక్కర్లేదు.

పాతకాలం_ఇత్తడి
ఉన్న చలిమిడిని బాగుచేసే దారులు, నేను వాడే వరసలోనే చెబుతాను.

ముందుది: తడి పిండి మిగిలి ఉంటే చలిమిడిని మందపాటి గిన్నెలో వేసి, రెండు చెంచాల నెయ్యితో సన్న సెగ మీద కాస్త వదులయ్యేదాకా వెచ్చబెట్టి, పిండి గుప్పెడు గుప్పెడుగా కలపండి. చల్ల చలిమిడిలో పొడి పిండి కలిపితే అతకదు. పిండి బెల్లపు వేడిలో కొంచెం ఉడికితేనే జిగురొస్తుంది, ఆ జిగురే అరిసెని నిలబెడుతుంది. పాకం దించగానే పిండి పోయమనేది కూడా అందుకే. దించి, ఫోన్ మాట్లాడి వచ్చి పోస్తే ఆ పాకం పట్టదు.

తడి పిండి లేకపోతే రెండు మూడు చెంచాల గోధుమపిండి. పట్టు వస్తుంది. రుచి కొంచెం మారుతుంది, పర్వాలేదు. ఎక్కువ వేస్తే అరిసె కాస్తా తీపి రొట్టె అవుతుంది.

పిండి పాళ్లు సరిగ్గా ఉండి పాకం మాత్రమే లేతదైతే వేరే మందు. 100 గ్రాముల బెల్లం రెండు చెంచాల నీళ్లతో కరిగించి, గోదారిగట్టు గారు చెప్పినదానికన్నా ఒక్క మెట్టు ముదురు పాకం పట్టి, అందులో చలిమిడి వేసి సన్న సెగ మీద కలియబెట్టాలి. కానీ ఇక్కడ బెల్లమే ఎక్కువైంది కాబట్టి ఇది మీకు పనికిరాదు.

ఏది చేసినా ఒక్కటి వేయించి చూశాకే రెండోది.

కంకిపాడు_కోడలు
తడి పిండి రెండు గుప్పెళ్లు ఉంది, గిన్నెలో మూతపెట్టి ఉంచాను. మొదటి దారే పడతాను. పిండి ఇంకా పనికొస్తుందో లేదో ఎలా చూడాలి?

ఓరుగల్లు_పొయ్యి
పిడికిట్ల గట్టిగ పట్టి ఇడువుండ్రి. ముద్ద నిలవడాలె, వేలుతోని తడ్తే ఇరగాలె. పట్టంగనే పొడిపొడి రాలితే ఆరింది, తడిచెయ్యి అద్దుకుంట కలిపి మల్ల జల్లెడ వట్టుండ్రి. మరకాడి నుంచి తెచ్చెటప్పుడే పిండిని డబ్బాల గట్టిగ ఒత్తి, తడిగుడ్డ కప్పి తేవాలె. మర వేడికి సగం తడి ఆడనే పోతది. ఇంటికొచ్చినంక గాలికి ఆరవెడ్తె ఇంకేం లేదు.

పిండిమర_పక్కిల్లు
మర సంగతి వచ్చింది కాబట్టి: సంక్రాంతి ముందు చాలా మరల్లో తడి బియ్యానికి వేరే మర పెడతారు, దాంట్లోనే ఆడించమని అడగండి. కారం, పసుపు ఆడిన మరలో వద్దు. గోధుమ ఆడిన వెంటనే అయితే ముందు పడే పిండి తీసి పక్కన పెట్టమనండి. మిక్సీలో చేసేవాళ్లు గుప్పెడు గుప్పెడుగా వేసి మెత్తటి జల్లెడ పట్టి, నూకని మళ్లీ మళ్లీ తిప్పండి. ఒకేసారి జారు నిండా వేస్తే పైది నూక, అడుగుది ముద్ద.

బెంగుళూరు_వాయి
పాకం చేత్తో చూడ్డం కన్నా థర్మామీటర్ నయం కాదా? 114, 115 డిగ్రీలకి దించితే ఎవరికైనా ఒకేలా రావాలి.

గోదారిగట్టు
బెల్లం పంచదార కాదు కదండీ. ఒక దిమ్మకి ఇంకో దిమ్మకి మడ్డి తేడా, తేమ తేడా. అంకెని నమ్మి దించితే ఒకసారి లేత, ఒకసారి ముదురు.

తూకం_రాయి
థర్మామీటర్ దండగ అనను, గుర్తుగా పనికొస్తుంది. 110 దాటాక పళ్ళెంలో నీళ్లు సిద్ధం చేసుకోండి, చివరి మాట మాత్రం నీళ్లలో ఉండ పరీక్షదే. ఇంకో సంగతి, మీరు బెంగుళూరులో ఉంటే అంకె అక్కడికి సరిపోదు. ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి. అదే లెక్కన పాకానికి కూడా మూడు డిగ్రీలు తగ్గించుకోవాలి. బెజవాడ లెక్క పట్టుకుని అక్కడ 115 దాకా ఆగితే ముదురుతుంది.

బెంగుళూరు_వాయి
అదా సంగతి! ఎప్పుడూ గట్టిగా ఎందుకొస్తున్నాయో ఇప్పుడు అర్థమైంది. అయితే గట్టిపడ్డ చలిమిడికి మందు?

పాతకాలం_ఇత్తడి
వేడి నీళ్లు లేదా వేడి పాలు చెంచా చెంచాగా చిలకరిస్తూ మర్దించడం. పాలు పోస్తే అరిసెలు మూడు నాలుగు రోజుల్లోనే తినేయాలి. నిలవకి కావాలంటే నీళ్లే. అంతకన్నా మంచిది, చలిమిడి గిన్నెని మూతపెట్టి ఇడ్లీ పాత్రలో అయిదు నిమిషాలు ఆవిరికి పెట్టడం. మెత్తబడ్డాక నెయ్యి చేయి చేసుకుని మర్దించండి. వత్తేటప్పుడు అంచులు పగుళ్లివ్వకపోతే సరిపోయినట్టే.

కోనసీమ_కొబ్బరి
గట్టి చలిమిడితో కుస్తీ ఎందుకు? పాకుండలు చేసేయండి. చలిమిడిలో సన్నగా తరిగి నేతిలో వేయించిన పచ్చికొబ్బరి ముక్కలు, నువ్వులు, యాలకులపొడి కలిపి చిన్న నిమ్మకాయంత ఉండలు చుట్టడం, నూనెలో వేయడం. వత్తే పని లేదు కాబట్టి అంచు పగిలే బాధా లేదు. సెగ మాత్రం అరిసెలకన్నా తగ్గాలి. లోపలిదాకా వేగడానికి టైము పడుతుంది, సెగ పెద్దదైతే పైన నల్లబడి లోపల పచ్చి ఉంటుంది. కిలో బియ్యం చలిమిడికి ఒక కాయ కొబ్బరి. ముక్కలు పచ్చివి వేస్తే వాటి నీరు దిగి చలిమిడి జారవుతుంది, తొందరగా వాసన కూడా వస్తుంది.

పిండిమర_పక్కిల్లు
దీంతో అరిసెల చర్చ పాకుండల్లో పడింది. సాయంత్రానికి పూతరేకుల్లో తేలుతుంది చూడండి.

కోనసీమ_కొబ్బరి
తేలనివ్వండి, మా పక్క ఊరిదే కదా! బియ్యం రకం ఎంత ముఖ్యమో పూతరేకే సాక్ష్యం. ఆత్రేయపురంలో రేకుకి జయ రకం బియ్యం వాడతారు. ఏ బియ్యం పడితే అది రుబ్బి కుండ మీద పరిస్తే రేకు లేవదు, చిరుగుతుంది. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది ఆ పూతరేకులకి. మరి అరిసెకి మీరంతా ఏ బియ్యం వాడుతున్నారు? ఇంతసేపూ ఆ ముక్క ఎవరూ రాయలేదు.

గోదారిగట్టు
దుడ్డు బియ్యం, అదే రేషన్ బియ్యం. పిండి బాగా నాని మెత్తగా వస్తుంది, పాకం బాగా పీలుస్తుంది.

బెంగుళూరు_వాయి
సోనా మసూరితో కూడా వస్తాయి. బాస్మతి మాత్రం వద్దు, డబ్బూ దండగే.

తూకం_రాయి
ఉప్పుడు బియ్యం అసలే వద్దు. ఒకసారి ఉడికి ఆరిన గింజ అది, పచ్చి పిండి ఇచ్చే జిగురు ఇవ్వదు.

న్యూజెర్సీ_వంటిల్లు
ఇక్కడ తడి పిండి మరలు లేవు. కొట్లో దొరికే పొడి బియ్యప్పిండితో దారేమైనా ఉందా? ఇండియన్ స్టోర్‌లో కొల్హాపూర్ బెల్లమే దొరుకుతోంది, అనకాపల్లిది కనపడటం లేదు.

ఓరుగల్లు_పొయ్యి
పొడి పిండితోని అరిసెలు చెయ్యకుండ్రి అక్కా. పాకంల తడినంత పీల్చుకొని రాయి అయితయి. రెండు గ్లాసుల బియ్యమే నానవోసి మిక్సీల పట్టుకోండ్రి. కొంచెమే అయినా సరిగ్గ అయితయి.

పాతకాలం_ఇత్తడి
తప్పనిసరైతే: అర కిలో పొడి పిండికి 125 మిల్లీలీటర్ల దాకా నీళ్లు చిలకరిస్తూ వేళ్లతో నలపండి. పిడికిట్లో ముద్ద నిలిచే దాకా చాలు. జల్లించి, తడిగుడ్డ కప్పి రెండు గంటలు ఉంచి మళ్లీ జల్లించండి. నానబెట్టిన బియ్యం పిండికి సాటి రాదు గానీ పొడిదాన్ని నేరుగా వేయడం కన్నా చాలా మెరుగు.

కొల్హాపూర్ బెల్లంతో ఇబ్బంది లేదు. ఏ బెల్లమైనా ముందు నోట్లో వేసుకోండి, ఉప్పదనం తగిలితే అరిసెలకి వద్దు. ముదురు రంగు బెల్లం అయితే అరిసె ఎర్రగా, రుచిగా వస్తుంది. తెల్లగా మెరిసేది చూసి మోసపోవద్దు, రంగు విరిచే మందు కొట్టిన బెల్లం అలా ఉంటుంది. ముప్పావు కిలోకి ఒక గ్లాసు నీళ్లు చాలు, కరగ్గానే వడగట్టి ఇసుక, చెత్త తీసేసి మళ్లీ పొయ్యి మీద పెట్టాలి. నీళ్లు ఎక్కువ పోస్తే పాకం చెడదు, అవి ఇగిరేదాకా మీరు నిలబడాలి, అంతే.

న్యూజెర్సీ_వంటిల్లు
బెల్లం బదులు సగం పంచదార వేయొచ్చా?

తూకం_రాయి
సగం వద్దు, పావు వంతు దాకా పర్లేదు. పంచదార పాకం ఎక్కువ కలియబెడితే గుండ్రాయిలా గట్టిపడి పలుకులు కడుతుంది. బెల్లంలో పలుకు కట్టని చక్కెరలు కొన్ని సహజంగానే ఉంటాయి, అందుకే అది సాగుతూ ఉంటుంది.

కంకిపాడు_కోడలు
వెచ్చబెట్టి తడి పిండి కలిపాను. ఒకటి వేసి చూస్తే విచ్చలేదు, పొంగింది కూడా. ఇప్పుడు నూనె ఎక్కువ పీలుస్తోంది. సెగ ఎంత ఉండాలి?

గోదారిగట్టు
గోరంత చలిమిడి నూనెలో వేస్తే అడుగుకి వెళ్లి, ఒక్క క్షణం ఆగి నెమ్మదిగా పైకి రావాలి. వెంటనే పైకి తన్నితే ఎక్కువ కాగింది. అడుగునే కూర్చుంటే చాలదు, ఆ నూనెలో వేసిన అరిసె పీలుస్తుంది, విచ్చుతుంది కూడా. సెగ మధ్యస్థంగా పెట్టి వాయికి ఒకటో రెండో. వేయగానే గరిటెతో కదపొద్దు, దానంతట అది పైకి తేలాక నూనె మీదికి చిమ్మండి, పొంగుతుంది. ఒక్కసారే తిప్పడం. ఎర్రబడుతుండగానే తీసేయండి, బయటికొచ్చాక ఇంకో ఛాయ ముదురుతుంది.

తీసిన వెంటనే, ఇంకా మెత్తగా ఉండగానే, అరిసెల చెక్కల మధ్య పెట్టి వత్తాలి. చెక్కలు లేకపోతే రెండు చిల్లుల గరిటెలు. కారే నూనె చూస్తే మీకే తెలుస్తుంది. చల్లారాక వత్తితే నూనె రాదు, అరిసె విరుగుతుంది. ఒకదాని మీద ఒకటి వేడిగా పేర్చొద్దు, అతుక్కుని ఆవిరికి మెత్తబడతాయి. పూర్తిగా చల్లారాకే డబ్బా.

కంకిపాడు_కోడలు
వెంటనే వత్తడమే నేను చేయనిది. ఇప్పుడు బాగా వస్తున్నాయి. అందరికీ చాలా చాలా థాంక్స్.

పాలమూరు_పండుగ
ఈ తడి పిండి లెక్కంతా సకినాలకు కూడ వర్తిస్తదా? మా దగ్గర సకినాలు పళ్లు విరిగేటంత గట్టిగ వస్తున్నయి.

ఓరుగల్లు_పొయ్యి
వర్తిస్తది గని సకినానికి ఒక రోజు నాననక్కర్లే, అయిదారు గంటలు సాలు. కొత్త బియ్యం అయితేనే మంచిది, పాత బియ్యం పిండికి జిగురు లేక చుట్టేటప్పుడే తెగుతది. నీళ్లు వంపి, గుడ్డ మీద ఆరవోసి, తడితడి ఉండంగనే మర పట్టియ్యాలె.

కిలో బియ్యానికి 150 నుంచి 200 గ్రాముల నువ్వులు. గట్టిగ అయ్యేది ఆడనే, నువ్వులు తక్కువ వేస్తరు. నువ్వులల్ల ఉండే నూనె వల్లనే సకినం గుల్లగ, కరకర వస్తది. వాము మూడు చెంచాలు, సరిపడ ఉప్పు. కారం వెయ్యరు. నీళ్లు వోసి చపాతి పిండి లెక్క గట్టిగ కాకుండ, వేళ్ల నడుమ తీగ సాగేటంత మెత్తగ కలపాలె. గట్టిగ కలుపుడు రెండో తప్పు. చుట్టంగ పిండి ఆరుతుంటది, తడిచెయ్యి అద్దుకుంట ఉండాలె. ఒకేసారి మొత్తం తడపకుండ్రి, చుట్టేటంతనే కలుపుకోండ్రి.

పాలమూరు_పండుగ
నువ్వులు 50 గ్రాములే వేస్తున్నం. గుడ్డ మీద ఎంతసేపు ఆరాలె?

ఓరుగల్లు_పొయ్యి
ఉతికిన పాత నూలు చీర గని ధోతి గని పరువుండ్రి. కొత్త గుడ్డ, నైలాన్ పనికిరావు, తడి పీల్చవు. మూడు నాలుగు చుట్లు చుట్టినంక అరగంట దాక ఆరాలె. గుడ్డ అంచు లేపితే సకినం విరగకుండ పళ్లెం మీదికి జారాలె. అంటుకుంటే ఇంకా పచ్చి. గంటలకొద్ది ఇడిస్తె ఎండి పగుల్తది, నూనెల ఇరుగుతది, వేగినంక గట్టిగైతది.

నూనె బాగ కాగినంకనే వేసి, సెగ మధ్యలకు తగ్గియ్యాలె. బుడగలు తగ్గినంక తియ్యుండ్రి. ఎర్రగ అయ్యేదాక ఆగకుండ్రి, సకినం తెల్లగ, జర బంగారు రంగుల ఉండంగనే తియ్యాలె.

అడుగంటు_పాత్ర
అరిసెలు వేయించిన నూనెలోనే సకినాలు వేయించొచ్చా?

గోదారిగట్టు
ముందు సకినాలు, తర్వాత అరిసెలు. తిరగేస్తే అడుగున మిగిలిన బెల్లం మాడి సకినాలకి నల్ల మచ్చలు పడతాయి, చేదు కూడా తగులుతుంది.

ఓరుగల్లు_పొయ్యి
గదే. సకినాల నూనెల వాము, నువ్వులు మిగిల్తయి, వడగట్టినంకనే అరిసెలు వేసుకోండ్రి.